పోలయ్య గురువు దళం

వీధిలో పిల్లలు ఖాళీ డబ్బా వాయించుకుంటూ పోతుంటే, ఈ వయసులోనూ కుర్చీ కింద నా కాళ్ళు ఊరుకోవు. మా ఆవిడ నవ్వుతుంది. ఆ రేకు చప్పుడుకి అనకాపల్లి పక్కన మా కశింకోట పొలాలూ, గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడ్డ పోలయ్య గురువుగారూ కళ్ళముందుకు వస్తారు.

తప్పెటగుళ్ళు చూడనివాళ్ళకు కాస్త చెప్పాలి. ఛాతీకి రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, మగవాళ్ళు గుండ్రంగా తిరుగుతూ, పాడుతూ, వాయిస్తూ ఎగిరి ఆడే ఆట అది. మా వైపు జాతరలో రెండు దళాలు పోటీకి దిగితే, ఒకరు వేసిన అడుగు రెండోవారు వేసి చూపించాలి. చేతకాకపోతే గజ్జెలు విప్పెయ్యాల్సిందే. వయసులో ఉండగా గురువుగారి చేత గజ్జెలు విప్పించిన మొనగాడు లేడు. ఒక పోటీలో మనుషుల భుజాల మీద నిలబడి ఆడుతూ ఆయన కిందపడ్డారు. ఆ మోకాలు మళ్ళీ వంగలేదు. ఆ తర్వాత ఊరి కుర్రాళ్ళం మాకు ఆట నేర్పడం మొదలుపెట్టారు. "కుంటోడు ఆట నేర్పుతాడంట!" అని ఊళ్ళో ఒకటే వెక్కిరింపు. ఈసారి జాతరలో ఓడితే దళాన్ని వేరే గురువుకి అప్పగిస్తామని పెద్దలు తేల్చి చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మాత్రం కర్ర తీసుకుని మమ్మల్ని పొలానికి నడిపించారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు కావడంతో రేకు దొరికేది కాదు. తప్పెటల్లేకుండా గుండెల మీద అరచేతులతో కొట్టుకుంటూ, దమ్ము చేసిన మడిలో నేర్చుకున్నాం. ఒకసారి మాలో ఒకడు జారి బురదలో పడితే అందరం పగలబడి నవ్వాం. గురువుగారు కర్ర ఎత్తారు.

"ఏటి నవ్వుతన్నారు? ఆడు పడ్డాడా, మీరూ పడండి! దరువు మీద పడండి, దరువు మీద లెగండి. సూసినోడికి అదీ ఆటే అనిపించాల."

ఆ సాయంత్రం మా అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపేసింది, బురద కడుక్కుని రమ్మని.

జాతరకి అనకాపల్లి సాయిబు ఒకాయన పాత కిరసనాయిలు డబ్బాలు కోసి తప్పెటలు చేసిచ్చాడు. పాయకరావుపేట దళం ఎదురు దిగింది. వాళ్ళు గట్టివాళ్ళే. మిట్టమధ్యాహ్నం దాకా సరిసమానంగా ఆడాం. అప్పుడు నా కాలు జారింది. ఒక మోకాలు నేలకు కొట్టుకుంది. గురువుగారి పరువు నా చేతుల మీదుగా పోయిందనుకున్నాను. అంతలో మా దళమంతా దరువు తప్పకుండా ఒంటి మోకాలి మీదకు దిగిపోయింది! తర్వాతి దరువుకి అందరం కలిసి లేచాం. జనం ఈలలు వేశారు. అవతలి నాయకుడు అదేదో కొత్త అడుగనుకుని, పాపం, తనవాళ్ళనీ దిగమన్నాడు. సగంమంది దిగారు, సగంమంది ఎగిరారు, ఒకరి మీద ఒకరు పడ్డారు.

అతను గజ్జెలు విప్పి గురువుగారి ముందు పెట్టాడు. "మామా, ఆ అడుగు పేరేటి?"

"అడుగేటి అల్లుడూ! మావోడు జారిపడ్డాడు. మిగతావోళ్ళు ఆడితోపాటు పడ్డారు. నీ గజ్జెలు నువ్వు తీసుకో."

గెలిచింది కూడా చేతులారా పోగొట్టుకుంటున్నారే అనిపించింది. అతను గజ్జెలు ముట్టుకోలేదు.

"పడితేనే ఇలాగుంటే మీతో ఆడగలమేటి మామా? మేం ఓడిపోయేం," అని ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాడు. మా ఊరి పెద్దలు తలలు దించుకున్నారు. వేరే గురువు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆయన పోయాక దళాన్ని నేనే నడిపాను. ఇప్పుడు నా శిష్యుల శిష్యులు ఆడుతున్నారు. ఎవడైనా జారితే అందరి మోకాళ్ళూ ఒక్క దరువుకి నేలకు దిగుతాయి. అది చూసి జాతరలో ముసలివాళ్ళు, "ఇది పోలయ్య దళంరా!" అంటారు. నా పేరు ఎవరూ చెప్పరు. నాకదే గర్వం.