ట్రౌటు కోసం వెళ్ళి కాకులతో తగువు

నా పదోరోజుకి కాకి రాదు. బెంగపడి చెప్పడం లేదు, జరగబోయేది ముందే చెబుతున్నాను. మావాళ్ళు పిండం పెట్టి పొద్దుగూకేదాకా ఆకాశంకేసి చూసినా, జంషెడ్‌పూర్ కాకుల్లో ఒక్కటీ కిందికి దిగదు. తప్పు వాటిది కాదు. నలభై ఏళ్ళ కిందట సువర్ణరేఖ ఒడ్డున నేను చేసిన నిర్వాకం అలాంటిది.

అప్పుడు నేను ప్లాంటులో డ్రాయింగు ఆఫీసులో పనిచేసేవాణ్ణి. స్కాట్లండు నుంచి ఒక ఇంజనీరు రెండేళ్ళ కాంట్రాక్టు మీద వచ్చాడు. ఆయన గీసిన గీతలు ఆయనకే అర్థమయ్యేవి కావు, నేను సరిచేసి పెట్టేవాణ్ణి. వెళ్ళిపోయేటప్పుడు తన సామాను అందరికీ పంచాడు. స్టోర్సు గుమాస్తాకి టేబుల్‌ఫ్యాను ఇచ్చాడు. క్యాంటీను మేనేజరుకి కుర్చీలు ఇచ్చాడు. నన్ను ప్రత్యేకంగా పిలిచి ఒక పొడుగాటి గాలపు కర్ర, ఒక గుడ్డ టోపీ, ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. టేబుల్‌ఫ్యాను నాకెందుకు ఇవ్వలేదని మా ఆవిడ సుభద్ర ఇప్పటికీ అడుగుతుంది.

ఆ పుస్తకం పాడుచేసింది నన్ను. అందులో ఉన్నదంతా ట్రౌటు అనే చేపని పట్టే విధానం. దానికి ఎర అక్కర్లేదట. కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి ఈగలాంటిది ఒకటి తయారుచెయ్యాలి. పొడుగాటి తాడుని తలమీంచి వెనక్కీ ముందుకీ కొరడాలా ఆడించి, ఆ ఈగని నీటిమీద మెత్తగా వాలనివ్వాలి. ఆనకట్ట కిందికి వదిలే చల్లటి నీళ్ళలో, చలికాలం పోయి ఎండ ఇంకా ముదరని రోజుల్లో, ట్రౌటు ఎగిరి పడుతుందని అందులో ఉంది. మనకీ ఆనకట్ట ఉంది, దాని కింద చల్లటి నీళ్ళున్నాయి. అప్పుడే ఫాల్గుణం కూడా వచ్చింది. ఇంకేం కావాలి?

ఈ నదిలో ట్రౌటు ఉండదని ఆఫీసులో అందరూ చెప్పారు. ఈకల ఈగ వేసి చూసినవాడు మీలో ఉన్నాడా అని అడిగాను. ఎవరూ లేరు. వెయ్యకుండా లేదని ఎలా అంటారు అన్నాను. బి.ఎస్సీ. చదివినవాడి వాదన అలాగే ఉంటుంది.

ఈగకి కోడిపుంజు మెడ ఈకలు శ్రేష్ఠమని పుస్తకంలో ఉంది. పక్కింటివాళ్ళ పుంజు మెడ దగ్గరికి నేను చెయ్యి పోనిచ్చాను, అది నా చెయ్యి దగ్గరికి ముక్కు పోనిచ్చింది. అంచేత పుంజుని వదిలేశాను. భాలుబాసాలో మా ఇంటి ముందున్న కరెంటు స్తంభం కింద కాకి ఈకలు కావలసినన్ని దొరికేవి. నల్లగా, నిగనిగలాడుతూ. అవి ఏరుకొచ్చి నాలుగు సాయంత్రాలు కూర్చుని ఈగని చుట్టాను. మన నదిలో చేపలు పెద్దవి కదా అని బొటనవేలికి రెండింతలు చేశాను. సుభద్ర చూసి, "కాకిపిల్లలా ఉందండీ," అంది. మెచ్చుకుందనుకున్నాను.

ఆదివారం ముహూర్తం పెట్టుకున్నాను. సరిగ్గా అదే ఆదివారం తవిటయ్య పదోరోజు పడింది.

తవిటయ్యది విజయనగరం అవతల పల్లె. కొడుకు అప్పలనాయుడు మా ప్లాంటులో క్రేను ఆపరేటరు, మా వీధిలోనే ఉండేవాడు. కూతురు పైడితల్లి ఒక ఒడియా అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకుని నది అవతల మాంగో పేటలో కాపురం పెట్టింది. ఆ రోజునుంచి అప్పలనాయుడు చెల్లెలితో మాట మానేశాడు. నాలుగేళ్ళు. తండ్రిని కూడా ఆ గడప తొక్కొద్దన్నాడు. తవిటయ్య సరేనన్నాడు. కాని ప్రతి ఆదివారం క్షవరం చేయించుకోవడానికని బస్సెక్కి వంతెన దాటి మాంగో వెళ్ళేవాడు. ఆయన నెత్తిమీద నాలుగు వెంట్రుకలుండేవి. వాటికి వారానికోసారి క్షవరం ఏమిటని అప్పలనాయుడు అడగలేదు, ఆయన చెప్పలేదు. పోయేముందు మాత్రం కొడుకు చెయ్యి పట్టుకుని, "సెల్లిని ఒకపాలి ఇంటికి పిలవరా," అన్నాడట. అప్పలనాయుడు జవాబు చెప్పేలోగా ఆయన కళ్ళు మూతపడ్డాయి. ఆ సంగతి చెప్పుకుని తొమ్మిది రోజులూ కుమిలాడు. కాని చెల్లెల్ని పిలవలేదు.

నేను నది ఒడ్డుకి అందరితోపాటే వెళ్ళాను. టోపీ పెట్టుకున్నాను, పొద్దున్న చలి అని చెప్పాను. గాలపు కర్ర ముక్కలుగా విడదీసి గొడుగు గుడ్డలో చుట్టాను. పంతులుగారు పొయ్యి రాజేసి పిండానికి అన్నం వండిస్తున్నారు. ఎంత లేదన్నా గంట పడుతుంది. చెంబు పట్టుకుని వెళ్ళేవాడిలా మెల్లిగా పొదల చాటుకి జారుకుని, ఎగువకి నడిచి ఆనకట్ట కింద రాళ్ళ దగ్గర తేలాను.

ఆ గంటలో నా కొక్కేనికి తగిలినవి ఒక తుమ్మకొమ్మ, నా చొక్కా వీపు. చేపన్నది కనిపించలేదు. కాకులు మాత్రం వచ్చాయి. ముందు రెండు, తర్వాత ఇరవై, చూస్తూండగానే చెట్లన్నీ నల్లబడ్డాయి. ఈగని తలమీద తిప్పేకొద్దీ అవి గోల పెంచాయి. ఒకటి నా చెవి పక్కనుంచి దూసుకుపోయింది. నేనేమనుకున్నానో తెలుసా? ఇంతమంది వచ్చారంటే తవిటయ్య ఎంత పుణ్యాత్ముడో అనుకున్నాను. పనిలోపనిగా ఓ దండం కూడా పెట్టాను.

చెయ్యి నొప్పెట్టి, ఈగని తాడునుంచి విప్పి టోపీకి గుచ్చుకున్నాను. అనుభవజ్ఞులు అలాగే చేస్తారని పుస్తకంలో బొమ్మ ఉంది. కర్ర పొదలో దాచి వెనక్కి వచ్చేసరికి, ఒడ్డున అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. పిండం రాతిమీద ఆకులో పెట్టి చాలాసేపైందట. ఒక్క కాకీ వాలలేదు. ఇంతసేపూ ఎగువన ఎక్కడో అరుస్తున్నాయట.

నేను వచ్చాక అవి కూడా వచ్చాయి. మా నెత్తిమీద గుండ్రంగా తిరుగుతూ అరిచాయే తప్ప కిందికి రాలేదు.

మాలో సగంమందిది బి షిఫ్టు. రెండింటి సైరనుకి గేటు దగ్గరుండాలి. కాకి ముట్టందే భోజనాలు లేవు. పంతులుగారికి బాగ్‌బేరాలో ఇంకో పదోరోజు ఉంది. ఆయన మాటిమాటికీ ఎండకేసి చూస్తున్నారు. పోయినాయనకి ఏదో కోరిక మిగిలిపోయింది, అదేమిటో చూడండి అన్నారు. అంతే, తలా ఒకటి గుర్తుచేశారు. చుట్ట అంటే ప్రాణం అన్నారు, పిండం పక్కన చుట్ట పెట్టారు. టీ లేందే లేచేవాడు కాడన్నారు, ఒకాయన సైకిలేసుకెళ్ళి గ్లాసుడు టీ తెచ్చాడు. కాకులు మాత్రం దిగలేదు. అప్పలనాయుడు తడిబట్టలతో ముందుకొచ్చి ఇకమీదట పేకాట ఆడనని చేతులు జోడించాడు. అవి ఇంకాస్త గట్టిగా అరిచాయి. పేకాటలో అతని జోడీగాడు మాత్రం ఆ గోలకి కొంచెం తెరిపినపడ్డట్టు కనిపించాడు.

ఈ మొత్తం వ్యవహారంలో అందరికన్నా హడావిడి చేసింది నేనే. మనుషులు దగ్గరుంటే కాకులు బెదురుతాయని అందర్నీ ఇరవై అడుగులు వెనక్కి తరిమాను. తరిమి, నేను మాత్రం పిండం పక్కనే నిలబడి, టోపీ సర్దుకుంటూ, రండి రండి అని పిలిచాను.

అప్పుడు ఒక్కొక్కరి చూపూ గట్టుమీదున్న రావిమొక్క వైపు మళ్ళింది. అక్కడ పైడితల్లి కొంగు నెత్తిమీద కప్పుకుని విడిగా నిలబడి ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు, పొమ్మనీ అనలేదు. మిగిలిపోయిన కోరిక ఏదో అందరికీ తెలిసిపోయింది. అప్పలనాయుడికి అందరికన్నా ముందే తెలిసినట్టుంది. పిండంకేసి చూశాడు, నెత్తిమీద కాకులకేసి చూశాడు, నేలకేసి చూశాడు.

"నాన్నా, నీకు కోపం వొచ్చీసిందేటి?" అన్నాడు. "నువ్వు అడిగినప్పుడే పిలుత్తానని అనీసుంటే బాగుణ్ణు. నాను అనలేదు."

తర్వాత రావిమొక్క వైపు తిరిగాడు. మొహం చూడలేక ఆమె కాళ్ళకేసి చూస్తూ మాట్లాడాడు.

"పైడీ, అలాగ దూరంగా నించున్నావేటే? ఇంటికి రా. మీ ఆయన్నీ తీసుకురా."

"నాలుగేళ్ళు పట్టిందేటన్నయ్యా, ఈ ముక్క అనడానికి?" అంది పైడితల్లి. అని, పరిగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. చూస్తున్నవాళ్ళూ ఏడ్చారు. పంతులుగారు బాగ్‌బేరా సంగతి మరిచిపోయారు.

నాకూ కళ్ళు నిండాయి. మొహం తుడుచుకుందామని టోపీ తీశాను. బొటనవేలికి కసుక్కున కొక్కెం దిగింది. టోపీ తిప్పి చూశాను. నల్లగా, నిగనిగలాడుతూ, కాకిపిల్లలాగే ఉంది. చచ్చిన కాకినో కాకి ఈకల్నో ఎవడైనా ఎత్తిపట్టుకుంటే ఊళ్ళో కాకులన్నీ చేరి గోల చేస్తాయనీ, అక్కడ చచ్చినా వాలవనీ మా ఊళ్ళో పశువులు కాసేవాళ్ళకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కాని అది తెలిసిన బుర్ర వేరు, పుస్తకం చదివిన బుర్ర వేరు అయిపోయాయి.

టోపీ మడిచి చొక్కాలో దోపుకుని, ఆ చొక్కామీద చేతులు కట్టుకుని వంద అడుగులు వెనక్కి నడిచాను. వినయంగా తప్పుకుంటున్నాననుకున్నారు. గోల తగ్గింది. రెండు నిమిషాలకి ఒక ముసలి కాకి రాతిమీద దిగింది. పిండం పొడిచింది. చుట్టని కాస్త అటూ ఇటూ దొర్లించి చూసింది. అప్పలనాయుడు నేలమీద సాష్టాంగపడిపోయాడు.

చెప్పెయ్యాలా వద్దా? వేలినుంచి రక్తం కారుతోంది, కొక్కెం కడుపులో గుచ్చుకుంటోంది, అయినా ఆలోచించాను. చెబితే అప్పలనాయుడు నవ్వొచ్చు. లేదా కాకుల్ని ఆపింది తండ్రి కాదు, ఈయన టోపీ అని మాట వెనక్కి తీసుకోవచ్చు. ఆ మధ్యాహ్నం పంక్తిలో అన్నాచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చుని తింటూంటే నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఫరవాలేదు. మొన్న పైడితల్లి మనవరాలి పెళ్ళికి పందిరిరాట వేసింది అప్పలనాయుడే. ఇక వెనక్కి తీసుకోలేడు.

కాని వీధిలో కథ వేరేలా పాకింది. రావుగారు, అంటే నేను, భక్తిగా టోపీ తీశారు, కాకి వాలింది అన్నారు. తర్వాత ఎవరి పదోరోజైనా నన్ను టోపీతో సహా పిలిచేవారు. ఒక్కచోటికి వెళ్ళాను, టోపీ లేకుండానే. గట్టు మీద నా తల కనబడగానే కాకులు లేచాయి. అవి టోపీని కాదు, మనిషిని గుర్తుపెట్టుకున్నాయి. అప్పట్నుంచి ఎండాకాలం, చలికాలం కూడా గొడుగేసుకునే తిరిగాను. ఆనాటి కాకులు ఎప్పుడో పోయుంటాయి కదా అంటారు మీరు. పిల్లలకి చెప్పి పోయాయి. నిన్న పొద్దున్న పాలకెళ్తే ఒకటి నెత్తిమీద తన్ని పోయింది.

సుభద్రకి మాత్రం మొదటి రోజే చెప్పేశాను. మొన్న కూర్చోబెట్టి లెక్కగా వివరించాను. చూడు, నా పదోరోజుకి కాకి ఎలాగూ రాదు. నాకేం కోరిక మిగిలిందో మీకు తెలిసే దారి లేదు. కాబట్టి బతికుండగానే తీర్చెయ్యి, రోజూ సాయంత్రం వేడిగా నాలుగు గారెలు పెట్టు అన్నాను.

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా అంది:

"దానికేం భాగ్యం? ముందు ఆ ట్రౌటు పట్టుకురండి. రెండూ ఒకే మూకుట్లో వేయిస్తాను."