చర్చి గుమ్మంలో చెప్పుల పంచాయితీ

మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఉండే కుటుంబాలం కలిసి, ఒక పాత అమెరికన్ చర్చిని ఆదివారం మధ్యాహ్నాలకు అద్దెకు తీసుకున్నాం. పొద్దున వాళ్ళ ఆరాధన, భోజనాలయ్యాక మాది. తాళంచెవి నా దగ్గర ఉండేది. అందుకని ఆ భవనం బాగోగులు చూసే పెద్దావిడకు ఏ ఇబ్బంది వచ్చినా నా ఫోనే మోగేది.

మొదటి ఫిర్యాదు చెప్పుల గురించి. మేము చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్తాం. గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మ అలాగే వెళ్ళింది, మా అమ్మా అంతే, నేనూ అంతే. ఇక్కడ మాత్రం స్నీకర్లు, శాండల్స్, పిల్లల బూట్లు గుమ్మంలో కుప్పపడి ఉండేవి. నిప్పంటుకుంటే జనం బయటికి ఎలా పరుగెత్తుతారని ఆవిడ భయం. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. చెప్పుల స్టాండ్లు కొనుక్కొచ్చి గోడవారగా పెట్టాను. మరుసటి వారం మళ్ళీ ఫోన్.

"ఆ గోడకి మా చర్చివాళ్ళలో చనిపోయినవాళ్ళ పేర్లున్నాయి. వాటి కింద బూట్లు పెడితే బాగుంటుందా?" అంది. ఆపైన చాలా మర్యాదగా అడిగింది. "ఏమీ అనుకోకు, ఇది హిందువుల ఆచారం కదా? మీరు ఈమధ్యే మతం మారారా?"

"మా ముత్తాత కాలం నుంచీ క్రైస్తవులమండీ. ఆయనకి బాప్తిస్మం ఇచ్చింది మీ దేశం నుంచి వచ్చిన మిషనరీయే."

"అయితే ఆ మిషనరీ మీకు ఈ సంగతి కూడా నేర్పి ఉండాల్సింది. ఇకమీదట బూట్లు వేసుకునే లోపలికి రండి" అంది.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడయ్యేలా సర్దాను. ఆ దొర గురించి మా అమ్మమ్మ చెప్పేది. ఆయన బూట్లతోనే నిలబడి ప్రసంగించేవాడట. మావాళ్ళంతా చాపల మీద వట్టి కాళ్ళతో కూర్చుని వినేవారట. తొడుక్కోమని ఆయనా అనలేదు, విప్పమని మావాళ్ళూ అనలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ సంగతి తేల్చే పని న్యూజెర్సీలో నా నెత్తిన పడింది.

మా పాస్టరుగారిని అందరం అయ్యగారనే పిలుస్తాం. ఆయనకు విషయం చెప్పాను.

"దేవుని సన్నిధిలోకి చెప్పులతో ఎలా వెళ్తామమ్మా? పెద్దవాళ్ళు ఊరుకుంటారా?"

"లీజ్ రెన్యూ చేయరేమో అయ్యగారూ. ఇంత దగ్గర్లో ఇంకో ప్లేస్ దొరకదు."

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "సరే, కానివ్వమ్మా" అన్నారు.

ఇకమీదట చెప్పులతోనే లోపలికి రమ్మని అయ్యగారు ప్రకటన చేసిన ఆదివారం ఒక పెద్దాయన మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. "నీకేమమ్మా, నువ్వు అమెరికా దానివైపోయావు" అని ఒకావిడ నా మొహం మీదే అంది. ఇంటికొస్తుంటే కారులో మా అమ్మాయి అందుకుంది. ఇక్కడే పుట్టిన పిల్ల.

"మమ్మీ, షూస్ గురించి ఇంత డ్రామా ఎందుకు? గాడ్ రియల్లీ కేర్ చేస్తాడా?"

"నన్నడక్కు. వెళ్ళి అయ్యగారిని అడుగు."

మరుసటి వారం నిజంగానే అడిగింది. ఆయన చెప్పిన జవాబు పార్కింగ్ లాట్ ఖాళీ అయ్యేదాకా సాగింది.

మెల్లగా అందరూ అలవాటు పడ్డారు. ఆ పెద్దాయన కూడా తిరిగొచ్చాడు. అంతలో చలికాలం వచ్చింది. మంచు పడింది, అది కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లారు. సోమవారం ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా చర్చి పెద్దావిడ ఫోన్.

"కార్పెట్ అంతా తెల్లటి మరకలు! మీవాళ్ళు బూట్లతో లోపలికి వచ్చేస్తున్నారు."

"వేసుకోమన్నది మీరే కదండీ?"

"అవుననుకో. మంచు రోజుల్లో మాత్రం విప్పమని చెప్పకూడదూ? ఇదివరకు చక్కగా విప్పేవారు కదా."

అయ్యగారు మళ్ళీ ప్రకటన చేశారు. ఈసారి కుర్రకారు సాక్సులు తడిసిపోతాయని గొడవ చేశారు. బలవంతాన బూట్లకు అలవాటు పడ్డవాళ్ళేమో, పూటకో మాటైతే ఎలా అని నన్ను నిలదీశారు. చివరికి అయ్యగారే విసిగిపోయి, "ఎవరి మనస్సాక్షిని బట్టి వాళ్ళు చేయండి" అనేశారు. దాంతో సగం మంది విప్పారు, సగం మంది విప్పలేదు. గుమ్మంలో కుప్పా ఉంది, కార్పెట్ మీద మరకలూ ఉన్నాయి. ఆవిడకు ఇప్పుడు రెండు ఫిర్యాదులు.

తాళంచెవి తీసుకెళ్ళి ఒక సంఘపెద్ద చేతిలో పెట్టాను. ఇకమీదట ఆయనకే ఫోన్ చేయమని ఆవిడకు మెసేజ్ పెట్టాను.

"ఏంటమ్మా, కోపమొచ్చిందా?" అన్నాడాయన.

"కోపం కాదండీ. ఓపిక అయిపోయింది."

ఆ వచ్చే ఆదివారం ఫోన్ కారులోనే వదిలేసి, వెనక బెంచీలో కూర్చుని, చాలాకాలం తర్వాత అయ్యగారు చెప్పే వాక్యం మొదటి నుంచి చివరిదాకా విన్నాను. చాలా పొడుగ్గా సాగింది.