పోగే అన్నియ్యా!

ఇప్పుడంటే కణాల దారుల గీతలన్నీ కంప్యూటర్లే కలిపేస్తున్నాయట గానీ, ఆ రోజుల్లో ఆ పని కళ్లు కాయలు కాచేలా మనిషే చేయాలి. అరవైల చివర్లో విజయనగరంలో ఒక కాలేజీ ఫిజిక్సు గదిలో నాకు దొరికిన తొలి ఉద్యోగం అదే. బెలూనుకు కట్టి ఆకాశంలోకి పంపిన ఫొటో ప్లేట్లు కడిగి మా చేతికిచ్చేవారు. అంతరిక్షం నుంచి వచ్చే కణం ఏదైనా ప్లేటులోంచి దూసుకుపోతే దాని దారి వెంట సన్నని నల్లచుక్కలు మిగులుతాయి. మైక్రోస్కోపులో ఆ చుక్కలు పట్టుకుని, గ్రాఫు కాగితం మీద కలిపి, అది ఎటునుంచి వచ్చిందో, ఎక్కడ విరిగిందో తేల్చాలి. (మా నాయనమ్మ దృష్టిలో నేను జీతం తీసుకుని చుక్కల ముగ్గులు వేస్తున్నాను.)

నాతోపాటు చేరింది పొందూరు అమ్మాయి. చిన్నప్పటి నుంచి సన్ననూలు వడికిన కళ్లు కదా, నేను పూటంతా వెతికి ఒక గీత పట్టేలోపు ఆమె ఆరు పట్టేది. గీతను గీత అనేది కాదు, పోగు అనేది. "ఈ పోగు ఇక్కడ తెగిపోనాది మాస్టారూ, రెండు పాయలైపోనాది" అనగానే మా ఫిజిక్సు మాస్టారు మురిసిపోయి నావైపు చూసేవారు. ఆ చూపుకి నాకు ఒళ్లు మండిపోయేది. పైగా ఏడాది చివర ఇద్దరిలో ఒక్కరినే ఉంచుతామన్నారు. నా కుళ్లు ఎంతదాకా పోయిందంటే, మాస్టారికి ఖద్దరంటే ఇష్టమని, సిగ్గు విడిచి ఆమె చేతే వాళ్లూరి బట్ట తెప్పించి చొక్కా కుట్టించుకున్నాను.

ఆ చొక్కా తొడుక్కున్న రోజే నా ప్లేటులో మహత్తరమైన గీత కనబడింది. లావుగా, ఎక్కడా తెగకుండా, వంపు తిరిగి! ఆమెను పిలిచాను (సలహాకు కాదు, చూసి ఏడవాలని). ఆమె కన్ను ఆనించి, "ఇది పోగే అన్నియ్యా..." అంది. అంతే! మిగతాది వినకుండా మాస్టారి క్లాసులోకి దూరిపోయాను.

"కొత్త కణం మాస్టారూ! ఆవిడే ఒప్పుకుంది!"

ఆయన పాఠం ఆపి, క్లాసంతటినీ వెంటేసుకుని వచ్చారు. మైక్రోస్కోపులో చూసి, ప్లేటు మీద ఉఫ్‌మని ఊదారు. నా కణం ఎగిరిపోయింది.

"పోగేనని సెప్తన్నాను కదా అన్నియ్యా! మీ సొక్కా పోగు. సివరికంటా యినకుండా ఎలిపోతే నానేటి సేసీది?" అంది. అక్కడితో ఊరుకుందా? "అది మా అమ్మ వడికిన నూలే. మెలిక సూసి పోల్చీసినాను."

ఉద్యోగం ఆమెకే వచ్చింది. నేను బొబ్బిలిలో బడిపంతులునయ్యాను. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్నా సూదిలోకి దారం ఎక్కించలేను. ఆ చొక్కా చిరిగిపోయి ఎన్నేళ్లయిందో. వాళ్లమ్మ పోగును పోల్చుకున్న ఆ కళ్ల మీద కుళ్లు మాత్రం, మీ దగ్గర దాచడమెందుకు, ఇంకా చిరగలేదు.