ముళ్ళ జంతికల బిళ్ళ

వాము కలిపిన పిండి నూనెలో వేగే వాసన తగిలితే చాలు, మస్కట్‌లోని మా వంటింట్లోంచి డెబ్భైల నాటి సహం అనే సముద్రపొడ్డు ఊరికి వెళ్ళిపోతాను. నా చేతిలో ఉన్న ఈ ఇత్తడి బిళ్ళ అక్కడిదే.

నాన్న రోడ్ల కంపెనీలో ఇంజనీరు. ఊళ్ళో మన చదువు చెప్పే బడి లేదు కనుక అమ్మే నా బడి, చపాతీ పిండే నా పలక. ఖర్జూరాలు పండి వీధంతా తియ్యటి వాసన వేసే ఎండాకాలపు మధ్యాహ్నాలు, సముద్రపు గాలి గుమ్మంలో ఇసుక పోస్తుంటే, అమ్మ పిండి చిదిమిచ్చి గుండ్రం, కోల, ముక్కోణం, నలుపలకలు అంటూ చేయించేది, ఒక్క మూల మొద్దుబారినా మళ్ళీ చెయ్యమనేది. ఏ వస్తువునైనా ఆకారం చెప్పి అడిగితేనే ఇచ్చేది. ఆ పట్టుదల అప్పుడు విసుగనిపించేది, ఇప్పుడు తలుచుకుంటే గర్వంగా ఉంటుంది.

ఓ ఏడు దీపావళికి నాన్న సైట్‌లోని తెలుగువాళ్ళందరినీ భోజనానికి పిలిచి, జంతికలు పెడతానని అమ్మ మాటిచ్చేసింది. తీరా చూస్తే గొట్టం ఉంది గానీ, నక్షత్రం చిల్లుల బిళ్ళ కాకినాడలోనే ఉండిపోయింది.

"కారప్పూస బిళ్ళతో కానిచ్చెయ్యరాదూ?" అన్నారు నాన్న.

"గుండ్రంగా దిగితే అది జంతికెలా అవుద్దండీ?" అని అమ్మ నన్ను వెంటబెట్టుకుని సూక్‌కి, అదే అక్కడి బజారుకి, బయల్దేరింది.

అక్కడ ఇత్తడి గిన్నెలు బాగుచేసే ముసలాయనకి, వీధి పిల్లలతో ఆడి నేర్చుకున్న అరబ్బీలో, నక్షత్రం కావాలని దర్జాగా చెప్పాను. ఆయన ఎంతో ముచ్చటపడి, బిళ్ళంతా నిండేలా ఒకే ఒక్క పెద్ద నక్షత్రం చెక్కిచ్చాడు. అమ్మ పడీపడీ నవ్వింది. తర్వాత డబ్బాలో తెచ్చిన పిండిని సన్నగా తాడులా చేసి, చుట్ట చుట్టి, దాని మీద గోటితో ముళ్ళు గిల్లి చూపించింది.

"మూలలు వాడిగా ఉండాలని చెప్పవే."

ఆ మాటకి నాకు అరబ్బీ రాలేదు, దాంతో పనీ పడలేదు. ఆయన ఆ చుట్టను అరచేతిలో తిప్పి చూసుకుని, ఇంకో రేకు తీసి సన్న ఉలి అందుకున్నాడు.

పండగనాడు జంతికలు ముళ్ళుముళ్ళుగా, కరకరలాడుతూ వచ్చాయి. ఆయనకీ ఓ పళ్ళెం పట్టుకెళ్ళాం. అప్పట్నుంచి మేం కనిపిస్తే "జంతిక!" అని సూక్ అంతా వినబడేలా కేకేసేవాడు, అమ్మ తలెత్తుకుని నడిచేది.

ఇప్పుడు అమ్మ లేదు, ఆ ముసలాయనా లేడు, ఆ కొట్టున్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. బిళ్ళలోని నక్షత్రాల మూలలు కూడా అరిగిపోయాయి.

"అమ్మమ్మా, ఈ గుండ్రాలు ఇంకో రెండు పెట్టవా?" అంది మనవరాలు.

"గుండ్రాలు కావే, ముళ్ళ జంతికలు" అని, పిండి చిదిమి దాని చేతిలో పెట్టి, మూల తియ్యమన్నాను.