వ్యాసర్పాడి బడిలో రెండో టీచరు

బడ్జెట్టంటే కోటలో కూర్చున్నవాళ్లు చదివే పెద్ద కాగితమని, దానికీ నాకూ ఏ సంబంధమూ లేదని చాలా ఏళ్లు నిశ్చింతగా ఉన్నాను. మద్రాసులో అసెంబ్లీ, పెద్ద సర్కారు ఆఫీసులు ఆ పాత కోటలోనే ఉంటాయి. బస్సులో దాని పక్కనుంచి పోతూ సముద్రం వైపు చూసేదాన్నే తప్ప కోట వైపు ఎప్పుడూ చూడలేదు. తొంభైల చివర్లో ఒక ఏడాది మాత్రం ఆ కోటే లేచొచ్చి నా తరగతి గదిలో కూర్చుంది.

అప్పుడు మేం మద్రాసులోనే చూలై అనే పేటలో ఒక మేడమీద గదిలో ఉండేవాళ్లం. మా ఆయన సినిమా పాటల రికార్డింగుల్లో వయొలిన్ వాయించేవారు. ఆ వయొలిన్‌ని నమ్ముకునే కృష్ణా జిల్లా నుంచి వచ్చాం. తెలుగు సినిమాలు ఒక్కొక్కటే హైదరాబాదుకు తరలిపోయాక ఆయనకి పిలుపులు తగ్గిపోయాయి. మనమూ పోదామా అంటే, అక్కడ ఎవరి వాద్యగాళ్లు వాళ్లకి ముందే ఉన్నారు. ఎప్పుడో చేసిన టీచరు ట్రైనింగు అప్పుడు గుర్తొచ్చింది నాకు. భాషాసేవ చేద్దామని బడిలో చేరానని తర్వాత చాలాచోట్ల గొప్పగా చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి పొట్ట.

బడి వ్యాసర్పాడిలో, రైల్వే యార్డు వెనక. జార్జి టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే తెలుగు కుటుంబాలవాళ్లు, యార్డు కూలీల పిల్లల కోసం తమ తాతల నాడు కట్టించారు. కట్టడం వాళ్లది, జీతాలు సర్కారువి. తమిళం సెక్షను పెద్దది. తెలుగు సెక్షనంటే రెండు గదులు, ఇద్దరు టీచర్లు. పెద్ద తరగతులు హెడ్మాస్టారే చెప్పేవారు. ఒకటీ రెండూ చెప్పే టీచరు రిటైరైపోయారు. ఆ ఖాళీలోకి ఎవరెవరో తాత్కాలికంగా వచ్చి, ఇంకెక్కడో మంచి జీతం దొరకగానే వెళ్లిపోయారు. చివరికి నేను వచ్చాను. సర్కారు ఆమోదం వచ్చేదాకా వ్యాపారస్తుల ట్రస్టు నా బస్సు ఖర్చులూ, కూరగాయల ఖర్చులూ ఇచ్చేది. రేపోమాపో ఆమోదం వస్తుందనుకుంటుండగా బడ్జెట్టు వచ్చింది.

ఆ ఏడు చదువుకి కేటాయింపు పెంచారని రేడియోలో విని మురిసిపోయాను. మర్నాడు హెడ్మాస్టారు తమిళ పేపరు ముందేసుకుని నా మురిపెం దించేశారు. ఆయన మూడు తరాలుగా మద్రాసులో పాతుకుపోయిన తెలుగాయన. తెలుగు వాక్యాన్ని మొదలుపెట్టి తమిళంలో దిగేవారు.

"డబ్బు పెంచినారు, నిజమేమ్మా. పెంచిందంతా ఉండేవాళ్ల కొత్త జీతాలకే సరిపోతా ఉంది. అందుకని ఖాళీగా ఉండే ఇడాలు నింపొద్దంటా ఉండారు," అన్నారు. ఇడమంటే పోస్టు.

ఆయన విప్పి చెప్పిందేమిటంటే, పిల్లల సంఖ్య బాగా ఉన్నచోట మాత్రం ఖాళీ పోస్టుని నింపనిస్తారు, లేనిచోట తీసేస్తారు. ఆగస్టులో ఆఫీసరు స్వయంగా వచ్చి, బడిలో కంటికి కనబడిన పిల్లల్నే లెక్కలోకి తీసుకుంటాడు. ఇద్దరు టీచర్లు ఉండాలంటే మాకు ఇంకో పదీ పన్నెండుమంది కావాలి. దొరక్కపోతే రెండో పోస్టు పోతుంది, దాంతోపాటు నేను పోతాను, ఐదు తరగతులూ ఒకే గదిలో హెడ్మాస్టారి నెత్తిన పడతాయి. ఇంట్లో వయొలిన్ పెట్టెలో పడుకుంది, బడిలో ఇదీ. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

నాకు నోరెక్కువని మా అత్తగారు పెళ్లైన కొత్తలోనే కనిపెట్టారు. ఆ నోటికి పని పడింది. జూన్, జూలై ఎండల్లో బడి వదలగానే యార్డు వెనక సందుల్లో పడేదాన్ని. మూటలు మోసేవాళ్లు, బోగీలు కడిగేవాళ్లు, చేపలమ్మేవాళ్లు. అందరిదీ ఈడ, ఆడ అనే తెలుగే, వాళ్ల పిల్లలు వీధిలో ఆడుకునేది తమిళంలో. నా కృష్ణా జిల్లా మాట వినగానే ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నవ్వితే నవ్వారు, పిల్లల్ని పంపితే చాలనుకున్నాను. మద్రాసులో ఉండి తెలుగు చదివితే ఏమొస్తుందని ఒకాయన అడిగాడు. మీ అమ్మ తిట్టే తిట్టు ఏ భాషలో ఉందో ఆ భాషలో అక్షరాలొస్తే మిగతావి వాటంతటవే వస్తాయన్నాను. పక్కనే ఉన్న వాళ్లమ్మ పడీపడీ నవ్వింది. వాళ్లబ్బాయి మర్నాడు బడికొచ్చాడు.

ఆ సందులో అందరూ ఒక అవ్వ మాట వినేవారు. పొద్దున్నే ఆప్పాలు, అంటే గుంట చట్టిలో పోసే పల్చటి అట్లు, వేసి అమ్మేది. ఆమె మనవడు నా రెండో తరగతిలో ఉండేవాడు. ఆమెని మంచి చేసుకుంటే సందంతా మన చేతిలో ఉన్నట్టేనని, ఆకలి లేకపోయినా రోజూ ఆమె ఆప్పాలు తిన్నాను. జూలై ఆఖరుకి ఎలాగైతేనేం, కావలసిన పిల్లలు చేరారు. నాకు గర్వం తలకెక్కింది. ఆఫీసరు వచ్చే వారం ముందు ఇంటింటికీ తిరిగి ఒకటే పాట పాడాను. సోమవారం ఆఫీసరుగారు వచ్చి పిల్లల్ని లెక్కపెడతారు, ఒక్కర్ని కూడా మాన్పించకండి అని. అందరూ బుద్ధిగా తలాడించారు.

సోమవారం బడికి పోతే నా గదిలో ఒకే ఒక్క బెంచీ నిండింది. దూరం నుంచి వచ్చే పిల్లలు మాత్రమే ఉన్నారు. పదకొండు దాటినా సందులో పిల్లలు ఒక్కరూ రాలేదు. హెడ్మాస్టారి గదిలో కూడా అదే సంగతి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పిలిచి పిలిచి ఉన్నవాళ్లని కూడా పోగొట్టుకున్నాం. ఆఫీసరు అప్పటికే వచ్చి కాఫీ తాగుతున్నాడు. హెడ్మాస్టారు నా మొహం చూసి, ముందుగా తమిళం సెక్షను చూద్దురుగాని రండని ఆయన్ని అటు తీసుకుపోయారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి పరిగెత్తాను.

అవ్వ గుమ్మంలో కూర్చుని ఆప్పాల చట్టి తోముతోంది. నేను చూస్తుండగానే ఆమె మనవడు తడిక వెనక నక్కాడు. నా ఒళ్లు మండిపోయింది. ఏం అవ్వా, నీ ఆప్పాలు తిన్న నోటికి ఇదా నువ్వు చేసేదని గట్టిగానే అరిచాను. ఆమె చట్టి తోమడం ఆపలేదు.

"బిడ్డల్ని ఎవురన్నా లెక్కబెడతారా టీచరమ్మా? దిష్టి తగల్దా?" అంది.

దిష్టి సంగతి నాకు తెలియంది కాదు. మా అమ్మ కూడా ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే సరిగ్గా చెప్పేది కాదు. కానీ ఆ క్షణాన నాకు కనబడుతున్నది తాళం పడిన గది ఒక్కటే. మీ మూఢనమ్మకాలతో బిడ్డల నోట్లో మట్టి కొడుతున్నారని ఏదేదో అన్నాను. అప్పుడు అవ్వ చెయ్యి ఆగింది. ఆమె ఏ కోపమూ లేకుండా, చాలా ఏళ్ల కిందటి మాట చెప్పింది. ఎవరో వచ్చి గుడిసె గుడిసెకూ పిల్లల్ని నిలబెట్టి, వేలితో చూపిస్తూ లెక్క రాసుకుపోయారట. ఆ వానాకాలంలోనే సందులో జ్వరాలు పట్టుకున్నాయట. పోయిన పిల్లల్లో ఆమె పెద్దకొడుకు ఉన్నాడట.

ఆ జ్వరం లెక్కపెట్టడం వల్ల రాలేదని చెప్పేంత చదువు నాకుంది, చెప్పేంత కసాయితనం లేదు. ఆమె పక్కనే గుమ్మంలో కూలబడ్డాను. బడి గంట వినబడింది. అది మధ్యాహ్నం అన్నానికి ముందు కొట్టే గంట. మా బడిలో సర్కారువారి మధ్యాహ్న భోజనం పెట్టేవారు. పిల్లలు ఇంటినుంచి తెచ్చుకున్న పళ్లేలని వరండాలో వరసగా పెట్టి, చేతులు కడుక్కోవడానికి పోయేవారు. వండే ఆయమ్మ వాటిని లెక్కపెట్టుకుంటూ పోయి సరిపడా వడ్డించేది. ఆ సంగతి గుర్తొచ్చి నిటారుగా కూర్చున్నాను.

అవ్వా, ఆయమ్మ రోజూ తట్టులు లెక్కపెడుతుంది కదా, దానికేమీ కాలేదే అన్నాను. పళ్లేన్ని అక్కడ తట్టంటారు. అవ్వ ఆలోచించింది. పక్క గుమ్మాల్లో ఆడవాళ్లు కూడా ఆలోచించారు.

"తట్టుకేముంది. మహా అయితే సొట్ట బోతుంది," అంది చివరికి. "సరి, తట్టులు లెక్కబెట్టుకోమను. బిడ్డల మీద వేలు మాత్రం చూపించొద్దు."

తడికల వెనకనుంచి, మంచాల కిందనుంచి నా క్లాసంతా బయటికొచ్చింది. తల్లులు ఒక్కో బుగ్గ మీదా కాటుక చుక్క పెట్టి, చేతికి తట్టిచ్చి తోలారు. ఆ ఊరేగింపు వెనక నేను, నా వెనక అవ్వ.

ఆఫీసరుతో నా వచ్చీరాని తమిళంలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. హెడ్మాస్టారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. ఆఫీసరు రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, పొద్దుట్నుంచి ఒక్కసారీ నవ్వలేదు. బుగ్గల మీద చుక్కలు చూశాడు. వరండాలో వరసగా పెట్టిన పళ్లేలు చూశాడు. పిల్లల్ని చేతులు కడుక్కోవడానికి పంపమన్నాడు. గొడుగు కొసతో మొదటి పళ్లేన్ని మెల్లగా తాకి, "లాభం" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. వడ్లు కొలిచేటప్పుడు మావైపు మొదటి కొలతని ఒకటి అనరు, లాభం అంటారు. శుభం కోసం. తమిళులకీ ఆ అలవాటు ఉందని నాకప్పటిదాకా తెలియదు. వాళ్ల నాన్న తంజావూరు వైపు ధాన్యం కొలిచేవాడని ఆయన తర్వాత చెప్పాడు. లాభం తర్వాత రెండు, మూడు అనుకుంటూ వరండా చివరిదాకా నడిచాడు. గేటు దగ్గరే ఆగిపోయిన అవ్వ, ఆ మొదటి మాట వినగానే లోపలికొచ్చి నిలబడింది.

బొటాబొటిగా గట్టెక్కాం. ఆఫీసరు మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. చూసింది చూసినట్టు రాస్తాను, డబ్బు వదలాల్సింది ఆర్థికశాఖవాళ్లు అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా అనుకుని ఉసూరుమన్నాను. ఆ వానాకాలమంతా హెడ్మాస్టారు కోటకీ బడికీ మధ్య తిరిగారు. మా ఆయన చూలైలో పిల్లలకి వయొలిన్ పాఠాలు మొదలుపెట్టారు. శ్రుతి లేని ఆ వాయింపులు వింటూ వంట చేసుకుంటూ, పోస్టు రాకపోతే ఏం చెయ్యాలో రోజుకో పథకం వేసేదాన్ని.

దీపావళి పోయాక, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం హెడ్మాస్టారు తడుస్తూ వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డారు. "ఇడం ఇచ్చినారమ్మా," అన్నారు. పిల్లలందరి ముందూ సిగ్గూ ఎగ్గూ లేకుండా ఏడ్చాను. టీచరెందుకు ఏడుస్తోందో తెలియక ముందు బెంచీలో పిల్ల కూడా అందుకుంది.

మర్నాడు పొద్దున్నే అవ్వ బడికొచ్చింది. ఆమె కొంగు పట్టుకుని ఒక చిన్నపిల్ల ఉంది. నూనె రాసి బిగించి వేసిన రెండు జడలు, కొత్త గౌను. నేను ఎన్నిసార్లు ఆ ఇంటి గుమ్మంలో కూర్చుని ఆప్పాలు తిన్నానో, ఒక్కనాడూ ఆ పిల్ల నా కంటబడలేదు. ఎవరీ పిల్ల అంటే, మనవరాలంది. అగ్గిపుల్ల గీసినట్టు నాకు కోపం భగ్గుమంది. పదిమంది కోసం నేను సందులన్నీ తిరుగుతుంటే బడికి రావలసిన పిల్లని ఇంట్లో దాచిపెట్టావా, అంత దిష్టి భయమా అని అడిగాను.

"దిష్టికి కాదు టీచరమ్మా," అంది అవ్వ. "వీళ్లన్నకి ఒక్క ఏట్లో ముగ్గురు టీచర్లు మారినారు. వాడికి ఇంకా అ ఆలు రాలేదు. నువ్వుంటావో పోతావో తెలీకుండా దీన్ని ఎట్లా ఇచ్చేది? నిన్న ఇడం వచ్చిందన్నారు. తీసుకొచ్చినా."

పిల్లలుంటే టీచర్నిస్తామని కోటలో అన్నారు. టీచరుంటే పిల్లనిస్తానని ఈమె అంటోంది. ఇన్నాళ్లూ ఆ రెండు మాటల మధ్య నిలబడి, నేను ఒక వైపే చూస్తూ అరిచాను. అవ్వ పిల్ల చేతిని కొంగునుంచి విడదీసి నా చేతిలో పెట్టింది. మళ్లీ వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆ వారంలోనే అదే సందునుంచి ఇంకో నలుగురు వచ్చారు. పిల్లలు చాలరన్న గదిలో ఇప్పుడు బెంచీలు చాలక, వాళ్లని నా కుర్చీ పక్కన చాప మీద కూర్చోబెట్టుకున్నాను.