లేఅవుట్ మీద బేరం

అమీర్‌పేటలో చదువు కొనేవాళ్లు ముందు రుచి చూస్తారు. దాన్ని డెమో క్లాసు అంటారు. కోర్సు మొదలయ్యే రోజు ఎవరైనా వచ్చి ఉచితంగా ఫ్యాన్ కింద కూర్చోవచ్చు. ట్రైనర్ గొంతునీ ఇంగ్లిషునీ ఓపికనీ తూకం వేసుకుని, పక్క బిల్డింగు మెట్లెక్కి ఇంకో డెమోలో కూర్చోవచ్చు. ద్రాక్షపళ్ల బండి దగ్గర ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, పులుపని మొహం పెట్టి కదిలిపోయేవాళ్లు ఉంటారే, అలాగన్నమాట. నాకు ఈ పద్ధతి మీద ఫిర్యాదేమీ లేదు. పంజాగుట్టలో మా నాన్న మ్యాచింగ్ సెంటర్ కౌంటర్ వెనకాల పెరిగాను. చీర పట్టుకొచ్చి, జాకెట్టు ముక్కలన్నీ కిందకి దింపించి, "రంగు కొంచెం తేడాగా ఉంది" అని లేచి వెళ్లిపోయేవాళ్లను చూస్తూనే హోంవర్కులు చేసుకున్నాను.

కొత్తగా మొదలయ్యే సాయంత్రం బ్యాచ్ మాత్రం నాకు గట్టిగా కావాలి. పొద్దుటి బ్యాచ్ ఒక్కటే ఉన్నవాళ్లను మా ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనర్ అనరు, "పొద్దున వచ్చే మేడమ్" అంటారు. డెమోకి ముందు ఓనర్ సార్ నన్ను పిలిచి చాలా మర్యాదగా చెప్పారు.

"మేడమ్ గారూ, ఇవాళ కూర్చున్నవాళ్లలో సగమైనా చేరాలండీ. లేదంటే ఆ టైము పక్క రూమ్ సార్‌కి ఇచ్చేస్తాను. మీరేం అనుకోకండి."

ఏం అనుకోకండి అంటే అనుకోవలసింది చాలా ఉందని.

నేను నేర్పేది జావా. అందుకు వాడే టూల్‌లో స్క్రీన్ రెండు రకాలుగా సర్దుకుంటుంది. కోడ్ రాసేటప్పుడు ఒక లేఅవుట్: ఎడమవైపు ఫైళ్లు, మధ్యలో కోడ్, కింద ఫలితం. తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు ఇంకో లేఅవుట్: ఫైళ్లు మాయమైపోతాయి, కోడ్ ఒక మూలకి జరుగుతుంది, ఎన్నడూ చూడని విండోలు వచ్చి సొంతిల్లులా కూర్చుంటాయి. తయారుచేసినవాళ్ల ఉద్దేశం మంచిదే, ఏ పనికి ఆ సామాను చేతికందాలని. మారేముందు ఒక బాక్స్ వచ్చి "లేఅవుట్ మార్చమంటారా?" అని అడుగుతుంది కూడా. దాని కింద "నా నిర్ణయం గుర్తుంచుకో" అని ఒక గడి ఉంటుంది. మా ఇంట్లో నా నిర్ణయాన్ని టిఫిన్ అయ్యేదాకా కూడా ఎవరూ గుర్తుంచుకోరు. ఆ గౌరవానికి పొంగిపోయి ఎప్పుడో టిక్కు పెట్టేశాను. అప్పటి నుంచి నా లాప్‌టాప్‌లో అది అడక్కుండానే మారిపోతోంది. నేనూ గమనించడం మానేశాను.

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను మధ్యలో టక్కున ఆపి, లోపల ఏ విలువ ఎలా మారుతోందో చూపించడం నా డెమోకి ప్రాణం. షాపు గుమ్మానికి వేలాడదీసే పట్టు ముక్క లాంటిది. ఆ రోజు అందరినీ వాళ్ల కంప్యూటర్ల మీద నాతోపాటే చేయమన్నాను. ఆ ఉత్సాహమే ముంచింది. మీట నొక్కాను. గోడ మీద పడే నా తెరలో షాపు మొత్తం దానంతటదే సర్దుకుంది. వాళ్ల తెరల మీద బాక్స్ వచ్చింది. కొందరు ఎస్ అన్నారు, కొందరు నో అన్నారు. ఒకే గదిలో రెండు షాపులు వెలిశాయి, రెండింటికీ సేల్స్‌గర్ల్‌ని నేనే.

"మేడమ్, నా కోడ్ పోయింది."

"పోలేదు, పక్కకి జరిగింది."

"యాడికి జరిగింది మేడమ్?"

"నాకు ఏదో అడిగింది, నో కొట్టిన. కొట్టొద్దా?"

"ఏం పర్లేదు. పైన కుడివైపు చివర చిన్న బొమ్మలుంటాయి. మొదటిది నొక్కండి, వెనక్కి వచ్చేస్తుంది."

"మీ తెర మీద కుడివైపు గోడ ఉంది మేడమ్."

నిజమే. మా ప్రొజెక్టర్ పాతది, కుడి అంచును ఎప్పటి నుంచో మింగేస్తోంది. నేను నొక్కుతున్న బొమ్మ నా లాప్‌టాప్‌లో ఉంది గానీ గోడ మీద లేదు. తమ కంప్యూటర్లలో వెతుక్కున్నవాళ్లకు రెండు బొమ్మలూ కవల పిల్లల్లా కనిపించాయి. రెండో వరసలో ఒకామె తెర మీదున్న విండోలన్నిటినీ ఒక్కొక్కటే మూసేసి, ఖాళీ తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

మరక పడిన ముక్కను కొత్త డిజైన్ అని అమ్మిన ఇంటి పిల్లను. గొంతు సవరించుకుని, "ఇది నేను కావాలనే చేశాను. రేపు మీకు ఇలాగే అయితే కంగారు పడకూడదు కదా" అన్నాను. ఎవరూ నమ్మలేదు. నమ్మనివాళ్లలో నేనే మొదటిదాన్ని.

క్లాసు అయ్యాక కింద టీ కొట్టు దగ్గర అయిదుగురు అమ్మాయిలు నా కోసం ఆగారు. ఒకే హాస్టల్ వాళ్లు, చేరితే అందరూ చేరతారు, పోతే అందరూ పోతారు. ఈ అయిదుగురూ చేరితే బ్యాచ్ నాది, లేకపోతే పక్క రూమ్ సార్‌ది. ఆ సంగతి వాళ్లకు తెలియదు. తెలియనివ్వకూడదు. అందరి తరఫునా మాట్లాడింది ఆ రెండో వరసామె. లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో పని మానేసి వచ్చిందట.

"చెప్పుడు మంచిగనే ఉంది మేడమ్. ఫీజు ముచ్చట సార్‌తోని మాట్లాడుకుంటం. మీతోని వేరే ఉంది."

"చెప్పమ్మా."

"గా తెర మారుడు బంద్ చెయ్యాలె. కోర్సు మొత్తం ఒక్క తీరుగనే చెప్పాలె."

"కుదరదమ్మా. కంపెనీల్లో రెండూ వాడతారు."

"కంపెనీకి పోయినంక మేము సుత వాడుతం. ముందుగాల పోవాలె గద."

నేను తేలిగ్గా నవ్వాను. కౌంటర్ వెనక నేర్చిన నవ్వు, గిరాకీ సరిగ్గా చెప్పినప్పుడు నవ్వేది. "సరే, మొదటి వారం ఒకే లేఅవుట్. తర్వాత రెండూ."

ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. "సరే, మార్చుండ్రి. గని చెప్పకుండ మార్చొద్దు. ముందు చెప్పాలె, ఏడ నొక్కుతున్రో చూపెట్టాలె, మల్ల ఎనుకకు ఎట్ల రావాలెనో చెప్పాలె. అందరికి వచ్చిందాక ఆగాలె."

"అందరికీ వచ్చేదాకా ఆగితే సిలబస్ అవ్వదు."

"ఆగకుంటె సిలబస్ మీకు అయితది మేడమ్. మాకు కాదు."

నేను పాత ఆయుధం తీశాను. టీ గ్లాసు వైపు చూస్తూ, అసలేం పట్టనట్టు, "సరేనమ్మా, ఇంకో రెండు చోట్ల చూసుకోండి, తొందరేముంది" అన్నాను. ఇలా అంటే గిరాకీ కంగారు పడాలి.

"సరే మేడమ్," అని ఆమె కదిలింది. వెనకాలే నలుగురూ. బేరమాడేవాళ్ల నడక నాకు తెలుసు, అందులో ఒక బద్ధకం ఉంటుంది, వెనక నుంచి పిలుపు కోసం చెవి వెనక్కే ఉంటుంది. వీళ్లు మామూలుగా నడుస్తున్నారు. షేర్ ఆటో ఆపారు. ముగ్గురు ఎక్కేశారు కూడా.

మా నాన్న గుమ్మం దాటిన గిరాకీని ఎప్పుడూ వెనక్కి పిలవలేదు. అలా పిలవక పోగొట్టుకున్నవాళ్ల గురించి మా ఇంట్లో మాట్లాడుకోం. నేను గ్లాసు బల్ల మీద పెట్టేసి, రోడ్డు మీద అందరూ తిరిగి చూసేలా "ఆగమ్మా" అని పరిగెత్తాను.

"ఎక్కుతున్రా లేదా అక్కా?" అన్నాడు ఆటో అతను.

"జర ఆగు భాయ్." ఆమె ఒక కాలు ఆటోలోనే ఉంచి నా వైపు తిరిగింది. "ఇంతకుముందు ఒక దగ్గర చేరిన మేడమ్. తెర మారినప్పుడల్లా నా ఒక్కదాని కోసం అందరిని ఎందుకు ఆపుడని ఊకున్న. గట్లనే ఎనుకబడ్డ. ఫీజు గూడ పోయింది. ఈసారి ఊకుండ. మీరు ఆగుతరా?"

"ఆగుతాను," అన్నాను.

ముగ్గురూ ఆటో దిగారు. ఆటో అతను మా అందరి గురించీ ఏదో అని వెళ్లిపోయాడు.

బేరం కుదిరాక సరుకు సరిచేసుకోవాలి. ముందు ఆ టిక్కు తీసేద్దామనుకున్నాను. పెట్టడానికి ఒక్క నొక్కు చాలింది. తీయడానికి మాత్రం సెట్టింగుల్లో తలుపు తర్వాత తలుపు తీసుకుంటూ పోవలసి వచ్చింది. నా నిర్ణయాన్ని అంత భద్రంగా దాచారు. ఆ బొమ్మల పట్టీని గోడ మీద కనిపించేలా ఎడమవైపుకి జరిపాను. జరపవచ్చని ఇన్నేళ్లుగా టూల్ నేర్పుతున్న నాకే తెలియదు.

బ్యాచ్ మొదలైంది, నా పేరు మీదే. రెండో వారంలో, ప్రోగ్రామ్ మధ్యలో ఆపే చోటికి వచ్చాక, చేతులు కీబోర్డు మీంచి తీసేసి, "ఇప్పుడు లేఅవుట్ మారుస్తున్నాను. ఇక్కడ నొక్కుతున్నాను," అన్నాను. నొక్కాను. ఆగాను. "వచ్చింది", "వచ్చింది మేడమ్" అని ఒక్కొక్కరే అన్నారు. ఇంకా అందరూ అనలేదు. వేగంగా చెప్పడమే గొప్ప అనుకునే మనిషికి ఊరికే నిలబడటం చాలా కష్టమైన పని. అటు పోతున్న ఓనర్ సార్ గుమ్మంలోంచి తొంగి చూశారు.

"ఏంటండీ మేడమ్ గారూ, కరెంటు పోయిందా?"

"లేదండీ. లేఅవుట్ మారుస్తున్నాం."

"దానికి ఇంతసేపా? ఇలాగైతే సిలబస్ ఎప్పటికవుతుందండీ?"

నేను నోరు తెరిచేలోపే, రెండో వరసలోంచి, తెర మీంచి కళ్లు తిప్పకుండానే జవాబు వచ్చింది.

"జర ఆగుండ్రి సార్. నాది ఇంక రాలే."

సార్ నా వైపు చూశారు. నేను తెర వైపు చూశాను. ఆయన అక్కడే ఆగారు.