వెర్లీన్ కప్పుకొచ్చిన బొంత

ఫిబ్రవరిలో నల్లవాళ్ళ చరిత్ర ఉత్సవం. మంత్రసాని ఎస్టెల్ కుట్టిన బొంతను చర్చి గోడకు వేలాడదీస్తాం, ఇవ్వమని అడగడానికి పాస్టరుగారి కూతురు జొనెల్ వచ్చి మంచంమీద కూర్చుంది. ఎస్టెల్ కూతురు, ముసలి వెర్లీన్ ఆమెను ఎగాదిగా చూసింది.

“ఇంకో బొంతను ఇలాగే చూసిస్తామని మ్యూజియంవాళ్ళు పట్టుకెళ్ళారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.”

“నేను నీ చేతుల్లో పెరిగినదాన్ని కదత్తా.”

“అందుకే గడప దాటనిచ్చాను. అది చిరిగిపోయిందిలే.”

అబద్ధం కాదు. అలబామాలో మావాళ్ళు చిరిగిన బొంతను పారేయరు, కొత్తదాని పొట్టలో పెట్టి కుట్టేస్తారు. జొనెల్ కూర్చున్నది ఆ కొత్త బొంతమీదే.

ఆదివారం వెర్లీన్ ఆ బొంత కప్పుకుని చర్చికొచ్చింది. ఊళ్ళో సగం ఇళ్ళల్లో పురుళ్ళు పోసిన తల్లి కథ చెప్పి, ఒక మూల కుట్టు విప్పి లోపలి పాతగుడ్డ చూపించింది. జొనెల్ మెల్లగా మేకు, సుత్తి తెచ్చింది.

“మేకు దాచుకో తల్లీ. నా భుజాలు గోడకేం తీసిపోవు.”